మా శాఖా గ్రంథాలయం మేడం గారికి

నిన్న రాత్రి నాన్నగారు మూడు పంక్తులు తనంతట తానే పైకి చదివారు. తడబడ్డారు, ఆగారు, మళ్ళీ అందుకున్నారు. ఆ తర్వాత అందరూ పడుకున్నారు కానీ నాకు కన్ను మూతపడలేదు. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, అయినా ఈ మాటలు ఇప్పుడే రాయాలి.

పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి నాన్నగారికి మనం చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పదలచిన మాట మాత్రం నోటికి అందదు. భీమవరంలో స్పీచ్ థెరపీ చేసినవారు ఇంట్లో రోజూ పైకి చదివించమన్నారు. ఏమి చదివించాలి? పేపరు ముందు పెడితే పక్కకు తోసేసేవారు. అమ్మ, తమ్ముడు, మావారు రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు. సొంతవాళ్ళు, వాళ్ళకు ధన్యవాదాలేమిటి. నేను చెప్పవలసింది నాకు ఏమీ కాని ఒక మనిషి గురించి. నరసాపురం దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే మేడం గారు. పేరు రాయవద్దన్నారు, రాయను.

పెద్ద అక్షరాల పుస్తకమేదైనా ఉంటే ఇవ్వండి అని వెళ్ళాను. ఆవిడ బీరువా తియ్యలేదు. "నాన్నగారు ఏం పని చేసేవారమ్మా?" అని అడిగారు. కాలవల మీద నీళ్ళు చూసుకునే లస్కరు, పడవలు దాటించే లాకుల దగ్గరే ఉద్యోగమంతా గడిచింది అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊరూరా పంచారని చెబుతూనే లోపలికి వెళ్ళి, ఖాకీ అట్ట వేసి కుట్టించిన 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం తెచ్చారు. మొగలితుర్రు కుర్రాడు పడవలో నిడదవోలు చేరి రైలెక్కే కథ. "మీ నాన్నగారికి ఈ దారి తెలుసు, మాట దానంతట అదే గుర్తొస్తుంది" అన్నారు.

అంతటితో ఆగలేదు. పాత శుభలేఖ అట్ట ఒకటి తీసి, సరిగ్గా ఒక పంక్తి మాత్రమే కనిపించేంత సందు బ్లేడుతో కోసి ఇచ్చారు. కింది పంక్తులు కంటికి అడ్డు రాకుండా ఆ అట్టను పేజీ మీద జరుపుకుంటూ పోవాలి. దాని మూలలకు పసుపు ఇంకా అంటుకునే ఉంది. పూటకు ఎంత చదివితే అలసట రాదో చూసి, అక్కడక్కడ పేపరు ముక్కలు గుర్తుగా పెట్టారు. పడవ ప్రయాణం వచ్చిన చోట నాన్నగారు నా చెయ్యి పట్టుకుని ఆపి "లాకు" అన్నారు. పుస్తకంలో ఆ పంక్తిలో ఆ మాట లేదు. ఆయన బుర్రలో నుంచి వచ్చింది! అమ్మ వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది.

అమ్మకు శ్రీపాద వారి కథలు పంపారు. అందులో ఆడవాళ్ళ మాట తీరు చూసి అమ్మ మురిసిపోయింది. మా అబ్బాయికి 'బుడుగు' ఇచ్చి, ఇది రాసిన ముళ్ళపూడి వెంకటరమణ గారు మన ధవళేశ్వరంలోనే పుట్టారని చెప్పారట. ఇప్పుడు వాడు తాతయ్య మంచం పక్కన కూర్చుని చదువుతున్నాడు, తాతయ్య నవ్వుతున్నారు.

ఒకరోజు పుస్తకాలు మార్చుకుని బయలుదేరుతుంటే ఆవిడ "మీకో?" అన్నారు. నాన్నగారు ఎలా ఉన్నారని అందరూ అడిగారు. నువ్వేం చదువుతావని అడిగిన మనిషి లేదు. బీరువాల మధ్య నిలబడి భోరున ఏడ్చేశాను. ఆవిడ కుర్చీ జరిపి, ఫ్యాను వేసి, ఏమీ అడగకుండా చిన్న కథల పుస్తకం చేతిలో పెట్టారు. "నాన్నగారు కునుకు తీసేలోగా ఒక కథ అయిపోతుంది, మధ్యలో లేవాల్సి వచ్చినా బెంగ ఉండదు" అన్నారు. ఆ పుస్తకం ఇంకా నా తలగడ పక్కనే ఉంది. మేడం గారూ, గడువు దాటింది, ఈ వారం తెచ్చిస్తాను.

ఇంత చేసే మనిషి ఒక్కరే రెండు ఊళ్ళ గ్రంథాలయాలు చూస్తున్నారు. అక్కడ తీస్తే ఇక్కడ తాళం. వానాకాలం బీరువాల మీద పరదా కప్పాలి. పిల్లలకు కొత్త పుస్తకాలు వచ్చి ఎంతకాలమైందో. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది, 1960 నాటి చట్టం ప్రకారమే వసూలు చేస్తున్నారు. వసూలు చేసిన డబ్బు గ్రంథాలయానికి ఎందుకు చేరదు? మా ఇంటి రసీదు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. పుస్తకాలు కొనండి, ఖాళీలు నింపండి, ఆ కప్పు బాగు చేయించండి. అడిగేది మన డబ్బే.

అయ్యో, పక్కింటి అత్తయ్యగారిని మరిచిపోయాను, నేను గ్రంథాలయానికి వెళ్ళినప్పుడల్లా నాన్నగారి దగ్గర కూర్చున్నది ఆవిడే. భీమవరం తీసుకెళ్ళిన ఆటో తమ్ముడు, తిరుగు బాడుగ ఒక్కసారీ తీసుకోలేదు. గ్రంథాలయంలో రోజూ పేపరు చదివే రిటైర్డ్ మాస్టారు, నా సభ్యత్వ ఫారానికి హామీ సంతకం పెట్టారు. ఫిజియోథెరపీ అబ్బాయి కూడా. ఇంకా ఎవరినైనా వదిలేస్తే మన్నించండి, రేపు చేరుస్తాను. మా ఊరివాళ్ళు ఎవరైనా వెళ్ళాలనుకుంటే శుక్రవారం సెలవు, ముందుగా కనుక్కుని వెళ్ళండి.