రౌటర్ మేనేజ్‌మెంట్ సెట్టింగులపై ఫిర్యాదు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మా షాపు రౌటర్‌ను బయటివాళ్లకు తెరిచి ఉంచడం గురించి.

అయ్యా,

చిక్కడపల్లిలో నాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. సీసీ కెమెరాలు ఇంటి నుంచి చూసుకోవడానికి మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కు అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ చిరునామా, తీసుకున్నాను. గత సోమవారం రాత్రి ఇంట్లో మొబైల్ డేటా మీద ఆ ఐపీ కొట్టాను. చివర కెమెరాకు దారి చూపే పోర్టు నంబరు వేయడం మర్చిపోయాను. కెమెరా రాలేదు, మీ రౌటర్ లాగిన్ పేజీ వచ్చింది. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్ అని కొడితే తెరుచుకుంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మర్నాడు మా మేనల్లుడు వచ్చి సెట్టింగులన్నీ చూశాడు. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్‌ను మార్చే వీలు) ఆన్. దూరం నుంచి రౌటర్‌ను గమనించి సెట్టింగులు మార్చడానికి వాడే ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 2సీ కూడా ఆన్, 161 పోర్టు బయటికి తెరిచే ఉంది. సెట్టింగులు చదవడానికి కమ్యూనిటీ పేరు (దానికి పాస్‌వర్డ్ లాంటిది) పబ్లిక్, మార్చడానికి ప్రైవేట్. దొంగ ఎవడైనా మొదట కొట్టి చూసేది ఈ రెండు మాటలే. పైగా ఆ వెర్షన్‌లో ఈ పేర్లు ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళతాయి. మా కౌంటర్ దగ్గర రోజూ జనం ఆధార్ ఓటీపీలు కొడతారు, ఫీజులు కడతారు. ఎవడో దూరి డీఎన్ఎస్ (సైటు పేరు కొడితే దాని చిరునామా చూపే సెట్టింగు) మార్చి వాళ్లను దొంగ సైటుకు పంపితే, వాళ్లు నిలదీసేది నన్నే.

అవన్నీ ఆఫ్ చేసి పాస్‌వర్డ్ మార్చాం. గురువారం పొద్దున చూస్తే అన్నీ మళ్లీ పాతవే! "పైనుంచి సెట్టింగుల ఫైలు ఆటోమేటిక్‌గా పడుతుంది సార్, మా చేతుల్లో లేదు" అన్నాడు మీ టెక్నీషియన్. పాపం, ఆ అబ్బాయి తప్పేం లేదు. కాల్ సెంటర్‌కు మూడుసార్లు చేస్తే మూడుసార్లూ రౌటర్ రీసెట్ చేయమన్నారు.

రిపేర్ల కోసం మీకు దారి కావాలి, కాదనను. అది మీ సర్వర్లకు మాత్రమే తెరవండి. 2016 నవంబరులో జర్మనీలో రౌటర్ల మేనేజ్‌మెంట్ పోర్టు మీద జరిగిన దాడితో దాదాపు 9 లక్షల మంది కనెక్షన్లు దెబ్బతిన్నాయి. మీకు తెలియని సంగతి కాదు.

కాబట్టి ఎస్ఎన్ఎంపీ ఆపేయండి, తప్పదంటే ఎన్‌క్రిప్షన్‌తో వెర్షన్ 3 పెట్టండి. బయటి నుంచి లాగిన్ పేజీ రాకూడదు. నేను పెట్టుకున్న పాస్‌వర్డును మీ ఫైలు చెరపకూడదు. ఆ పాత ఫైలు ఇంకెంతమంది రౌటర్లలో పడుతోందో కూడా చూడండి. ఇవి చేశామని నాకు రాతపూర్వకంగా తెలపండి.

షాపు పదింటికి తెరుస్తాను. మనిషిని పంపితే ఆలోపే పంపండి, తర్వాత కౌంటర్ ఖాళీ ఉండదు.

ఇట్లు,
మీ కస్టమర్