తగ్గిన బరువు ఏడాది తర్వాత ఎంతుందో కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

‘నెలలో 10 కిలోలు గ్యారంటీ’ అనే ప్రకటనలు హైదరాబాద్‌లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. మెట్రో పిల్లర్ల మీద, వాట్సాప్ గ్రూపుల్లో, పత్రికల సిటీ పేజీల్లో కూడా. పక్కపక్కనే రెండు ఫొటోలు వేస్తారు, ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఏడాది గడిచాక తీసిన మూడో ఫొటో మాత్రం ఎవరూ వేయరు. వేస్తే వ్యాపారం సాగదు. తగ్గిన బరువు మళ్లీ వచ్చేస్తే ‘నీకు నోరు కట్టుకోవడం చేతకాలేదు’ అని ఇంట్లోవాళ్లూ అంటారు, డబ్బు తీసుకున్నవాళ్లూ అంటారు. అందులో నిజం చాలా తక్కువ.

కడుపు ఖాళీ అయ్యేకొద్దీ జీర్ణాశయం నుంచి గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి, ఆకలి వేస్తోందని మెదడుకు చెబుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని 1999లో గుర్తించారు. తిన్నది పేగుల్లోకి దిగాక సీసీకే, జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు విడుదలై ‘ఇక చాలు’ అంటాయి. ఇవి పూటపూటకూ మారేవి. లెప్టిన్ సంగతి వేరు. అది కొవ్వు కణాల నుంచే వస్తుంది, ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకు లెక్క చెబుతుంది. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనుక్కున్నప్పుడు ఊబకాయానికి మందు దొరికిందనే అనుకున్నారు. తీరా చూస్తే లావుగా ఉన్నవాళ్లలో లెప్టిన్ తక్కువేమీ లేదు, ఎక్కువే ఉంది. మెదడే దాని మాట సరిగా వినడం మానేసింది.

అసలు చిక్కు తిండి తగ్గించాక మొదలవుతుంది. కొవ్వు ఇంకా పెద్దగా కరగకముందే, కొద్ది రోజుల్లోనే లెప్టిన్ బాగా పడిపోతుంది. మెదడు దాన్ని కరువుగా లెక్కేస్తుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి 10 వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. ఏడాది తర్వాత రక్తం పరీక్షిస్తే గ్రెలిన్ ఇంకా ఎక్కువగానే ఉంది, లెప్టిన్, పీవైవై ఇంకా తక్కువగానే ఉన్నాయి. ఆకలి కూడా మొదటికంటే ఎక్కువే ఉందని వాళ్లు చెప్పారు. ఇది 2011లో అచ్చయింది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం వేసిన మరో లెక్క ప్రకారం ఒక్కో కిలో తగ్గినప్పుడు ఒంటి ఖర్చు, అంటే శరీరం వాడే కేలరీలు, రోజుకు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది, ఆకలి మాత్రం 100 కేలరీల మేర పెరుగుతుంది. అంటే 10 కిలోలు తగ్గిన మనిషి రోజూ 1000 కేలరీల అదనపు ఆకలితో పోరాడుతున్నాడన్నమాట. ‘మెటబాలిజం పడిపోయింది’ అని అందరూ అంటారు గానీ, దానికంటే నాలుగింతలు బలంగా లాగేది ఆకలే.

మెటబాలిజం మీద ఇంకో అపోహ కూడా ఉంది. ‘ముప్పై దాటాయి కదా, తిన్నది అరగడం లేదు’ అంటారు. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల మీద జరిగిన కొలతలు 2021లో వచ్చాయి. శరీర పరిమాణాన్ని సరిచూసి లెక్కిస్తే 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా ఒంటి ఖర్చు దాదాపు నిలకడగానే ఉందని తేలింది. మారేది కుర్చీలో గడిపే గంటలు, తగ్గేది కండ. థైరాయిడ్ మీదికి నెట్టేవాళ్లకూ ఒక మాట: ఆ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలే. అందులోనూ చాలావరకు ఉప్పు, నీరు.

మరి చేయగలిగిందేమిటి? కోత చిన్నగా ఉండాలి. రోజుకు 400 నుంచి 500 కేలరీలు తగ్గిస్తే చాలు, వారానికి అరకిలోకు మించి ఆశపడొద్దు. 800 కేలరీల సూపుల మీద బతికితే తగ్గే బరువులో కండ వాటా పెరుగుతుంది. కండ పోయిందంటే తిరిగొచ్చేది కొవ్వే.

రెండోది ప్రోటీన్. అరిగించుకోవడానికే దాని కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది, పిండిపదార్థాలకైతే 5 నుంచి 10 శాతమే. పైగా పీవైవై, జీఎల్‌పీ-1లను బాగా లేపేది ఇదే. మన ఇళ్లలో లోటు ఇక్కడే ఉంది. పలచని పప్పుచారు గరిటెడు వేసుకుని ప్రోటీన్ తిన్నామనుకుంటాం. 30 గ్రాముల కందిపప్పు పూర్తిగా తింటే వచ్చేది ఆరేడు గ్రాములు. 65 కిలోలకు దిగాలనుకునే మనిషికి రోజుకు 65 నుంచి 75 గ్రాములు కావాలి. అది మన వంటతోనే వస్తుంది. పొద్దున 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు, ఒక గుడ్డు. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యం వండిన అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో ముద్దగా తోటకూర పప్పు, 200 గ్రాముల బీరకాయో సొరకాయో, చిన్న గిన్నెడు పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి 60 గ్రాముల పిండితో రెండు జొన్నరొట్టెలు, 100 గ్రాముల చికెన్. మాంసం తిననివాళ్లు చికెన్ బదులు 30 గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి కూర చేసుకుంటే సరి. అన్నీ పచ్చివి తూచిన లెక్కలు. వండాక తూస్తే మోసపోతాం, బియ్యం బరువు రెండున్నర నుంచి మూడింతలవుతుంది. కిచెన్ త్రాసు నాలుగైదు వందలకు దొరుకుతుంది, డిటాక్స్ పొడి డబ్బా కంటే చవక.

తినే వరస కూడా పనికొస్తుంది. ముందు కూర, పప్పు, గుడ్డు తిని, అన్నం చివర్లో కలుపుకుంటే అవే పదార్థాలకు అదే మనిషి రక్తంలో చక్కెర తక్కువగా లేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు. కూర విడిగా తినడం మన అలవాటు కాదు మరి.

జొన్నరొట్టె గురించి కూడా చెప్పుకోవాలి. జొన్నలు 100 గ్రాములకు 330 కేలరీల పైచిలుకు, బియ్యం 350 పైచిలుకు. తేడా కేలరీల్లో లేదు, పీచులో ఉంది. జొన్నల్లో 10 గ్రాములుంటే తెల్ల బియ్యంలో 3 గ్రాములైనా ఉండదు. కాబట్టి ‘రొట్టెలే కదా’ అని నాలుగు తింటే ప్రయోజనం పోయినట్టే. రాగులను మెత్తగా పిండి పట్టించి జావగా కాచి తాగితే చక్కెర గబగబా ఎక్కుతుంది. అది ఆరోగ్యమని రోజుకు రెండు లోటాలు తాగేవాళ్లున్నారు! నూనె కొలత అసలే ఉండదు. ఒక పెద్ద చెంచా నూనెంటే 120 కేలరీల పైమాటే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్లానికి రోజంతటికీ కేటాయించిన నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములే. ఒక పచ్చడి పోపుకే సగం అయిపోతుంది.

ప్యాకెట్ తిండిది వేరే కథ. 2019లో 20 మందిని వైద్యకేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. వడ్డించిన దాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం. తినడం మాత్రం వాళ్లిష్టం. ప్యాకెట్ తిండి దగ్గర రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, కిలో దాకా బరువు పెరిగారు. మామూలు వంట తిన్నప్పుడు పీవైవై పెరిగింది, గ్రెలిన్ తగ్గింది.

వ్యాయామం మీద ఆశ ఎక్కువ, అవగాహన తక్కువ. 70 కిలోల మనిషి కేబీఆర్ పార్కు దగ్గర 5 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది 250 కేలరీల చుట్టుపక్కల. బయటికొచ్చి తినే ఒక మసాలా దోశ, దాంతో పల్లీ చట్నీ అంతకుమించిపోతాయి. నడక వృథా అని దీనర్థం కాదు. కాస్త గట్టిగా చేసిన వ్యాయామం తర్వాత కొంతసేపు గ్రెలిన్ తగ్గుతుంది, పీవైవై, జీఎల్‌పీ-1 పెరుగుతాయి. ఆ కాసేపట్లో టిఫిన్ సెంటర్ ముందు నిలబడకుండా ఇంటికెళ్లిపోవాలి. వ్యాయామం అసలు బలం తగ్గిన బరువును నిలబెట్టడంలో ఉంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో విపరీతంగా తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, విశ్రాంతిలో వాళ్ల ఒంటి ఖర్చు ఉండాల్సిన దానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువగా ఉంది. వాళ్లలో ఎక్కువ బరువు నిలుపుకున్నవాళ్లు శారీరక శ్రమను బాగా పెంచుకున్నవాళ్లే.

నడకతో పాటు వారానికి రెండు రోజులు కండకు పని పెట్టాలి. జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, 5 లీటర్ల నీళ్ల క్యాన్ చేతికొకటి పట్టుకుని హాల్లో నడవడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. చివరి రెండు సార్లూ కష్టంగా ఉండాలి. తేలిగ్గా అయిపోతుంటే బరువు పెంచాల్సిన రోజు వచ్చిందన్నమాట. చాలామంది ఆరు నెలలు అవే కిలో డంబెల్స్ ఊపుతూ ఫలితం లేదంటారు. మోకాళ్ల నొప్పులుంటే ఎత్తు కుర్చీతో మొదలుపెట్టాలి.

నిద్ర సంగతి గచ్చిబౌలి, మాదాపూర్‌లలో నైట్ షిఫ్టులు చేసేవాళ్ల కోసం. ఆరోగ్యంగా ఉన్న యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గి, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. రాత్రి రెండింటికి బిర్యానీ ఎందుకు తినాలనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. షిఫ్టుకు వెళ్లే ముందే పూర్తి భోజనం చేసి, మధ్యలో మజ్జిగ, గుగ్గిళ్లతో సరిపెట్టుకోవడం మేలు.

ఇక అందరూ అడిగేది బరువు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి. సెమాగ్లుటైడ్ జీఎల్‌పీ-1ను అనుకరిస్తుంది. టిర్జెపటైడ్ దాంతో పాటు ఇంకో పేగు హార్మోన్‌నూ అనుకరిస్తుంది. రెండూ పని చేస్తాయి. పెద్ద ప్రయోగంలో 68 వారాలకు సెమాగ్లుటైడ్‌తో సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. వాంతులు, మలబద్ధకం, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. ఆకలి చచ్చిపోయి ప్రోటీన్ కూడా తినకపోతే కండ కరుగుతుంది. వీటిని డాక్టర్ చూసి రాయాలి. జిమ్‌లోనో బ్యూటీ క్లినిక్‌లోనో చేతిలో పెట్టే ఇంజెక్షన్ పెన్ను తీసుకోవద్దు.

డయాబెటిస్‌కు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కసారిగా అన్నం సగానికి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ప్రోటీన్ పెంచే ముందు అడగాలి.

పత్రికను మేం కోరేది ఒక్కటే. బరువు తగ్గిన విజయగాథ వేసినా, ప్రకటన తీసుకున్నా మూడు సంఖ్యలు అడగండి: ఎన్ని వారాల్లో తగ్గారు, అందులో నడుము కొలత ఎంత తగ్గింది, ఏడాది తర్వాత బరువెంత. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 లోపు ఉండాలన్నది భారతీయులకు నిర్ణయించిన హద్దు. మూడో సంఖ్య ఇవ్వలేని ప్రకటనను ‘ఏడాది ఫలితం తెలియజేయలేదు’ అనే ఒక్క గీతతో అచ్చు వేయండి.

ఇట్లు,
ఇద్దరు పోషకాహార నిపుణులు,
నల్లకుంట, హైదరాబాద్