మా తమ్ముడికి తోడున్న వాడకట్టుకు కృతజ్ఞతలు

అందరికీ నమస్తే. మాది వర్ధన్నపేట దగ్గర ఒక ఊరు. ఇంటర్ ఫలితాలు వచ్చాక మా తమ్ముడు బతకాలని లేదనే దాకా పోయాడు. ఇప్పుడు వేళకు తింటున్నాడు, నిద్రపోతున్నాడు, కాలేజీకి పోతున్నాడు. ఒక్కొక్కరి ఇంటికి పోయి చెప్పినా తృప్తి లేక ఇలా అందరి ముందూ చెబుతున్నాను. వాడు చదివి సరే అన్నాకే పెడుతున్నాను.

మొదటి దండం మా కిరాణా దుకాణం అన్నకు. తమ్ముడు ఎవ్వరినీ ముట్టుకోనివ్వని తన బ్యాటు తీసుకెళ్లి అన్న కొడుక్కి ఇచ్చి, "నాకిక అవసరం లేదు, నువ్వే ఉంచుకో" అన్నాడట. మాట తేడాగా ఉందని అన్న వాణ్ని లోపలికి పిలిచి బియ్యం బస్తా మీద కూర్చోబెట్టుకున్నాడు. గిరాకీని పక్కన పెట్టి, నెమ్మదిగా, సూటిగా అడిగాడు: "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్మీ?" వాడు అప్పుడు ఏడ్చాడు. ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఏడవని పిల్లాడు. మేము వచ్చే దాకా అన్న వాణ్ని ఒంటరిగా వదల్లేదు, ఒక్క నీతి మాట చెప్పలేదు.

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని మనలో చాలామందికి భయం. అలా ఏమీ కాదని, అడిగితేనే లోపలి బరువు బయటికి వస్తుందని డాక్టరమ్మ మాకు చెప్పారు.

ఆశ వర్కర్ అక్క ఆ రాత్రే 14416కు ఫోన్ కలిపించింది. అది టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, 2022లో కేంద్రం మొదలుపెట్టింది. ఫోన్ ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడితోనే కాదు, మా అమ్మతోనూ ఓపికగా మాట్లాడారు. తెల్లారి మా వెంట వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చి, మానసిక వైద్యుల ఓపీ చీటీ రాయించింది కూడా ఆ అక్కే. మందులు, కౌన్సెలింగ్ ఇంకా నడుస్తున్నాయి.

బాపుకు ఇంకో టెన్షన్, ఇదంతా బయటపడితే పోలీసు కేసవుతుందేమోనని. ఇలాంటి భయంతోనే ఎన్ని ఇళ్లు నోరు మూసుకుంటున్నాయో! మనసులో అలా అనిపించడం నేరం కాదు. ఒకవేళ ప్రయత్నం జరిగినా, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వైద్యం, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఇది ప్రతి ఇంట్లో తెలియాలి.

చిన్నాయన ఎవరూ అడగకముందే మా ఇంట్లో ఉన్న పత్తి మందు డబ్బాలన్నీ తన దగ్గర తాళంలో పెట్టుకున్నాడు. తమ్ముడి దోస్తులు వంతులేసుకుని డాబా మీద వాడి పక్కన పడుకున్నారు. పక్కింటి పెద్దమ్మ మార్కుల గురించి అడగొచ్చిన చుట్టాలను గడప దాటనివ్వలేదు. ఆమెకు వేయి దండాలు. కాలేజీ లెక్చరర్ సార్ ఇంటికొచ్చి, సప్లిమెంటరీ రాస్తే ఏడాది పోదని తేదీలతో సహా చెప్పి, ఫీజు కట్టే పని తనే చూసుకున్నారు.

2019లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు పోయారు. ఆ ఇళ్లలో ఇప్పటికీ ఏప్రిల్ నెల ఎలా గడుస్తుందో తలచుకుంటే గుండె చెరువవుతుంది. పిల్లాడు మాట తగ్గించినా, ఇష్టమైనవి పంచిపెడుతున్నా, "నేను లేకుంటే మీకు బాధ ఉండదు" అన్నా, దయచేసి ఆ రోజే పక్కన కూర్చుని అడగండి.

సెప్టెంబర్ 10 ఆత్మహత్యల నివారణ దినం. ఆ సాయంత్రం మా ఊరి బడిలో ఆశ అక్క, లెక్చరర్ సార్ తల్లిదండ్రులతో, పిల్లలతో మాట్లాడతారు. పక్క ఊళ్ల వాళ్లు కూడా రండి. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే వెంట తీసుకురండి.