మెట్ల కింద డ్రమ్ములు

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. "ఇంటర్ చదివే పిల్ల పొద్దస్తమానం ఆ బ్లాక్ సబ్బాత్ రాక్ బ్యాండు పాటలు పెట్టుకుని కూర్చుంటోందేంట్రా? మనం హాస్టల్లో క్యాసెట్లు అరగదీసిన పాటలు ఈ పిల్లలకెందుకు?" అన్నావు. అప్పుడు ఏదో పొడిపొడిగా చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. టీ పెట్టించుకుని తీరిగ్గా చదువు.

పాత జ్ఞాపకాల మోజు అంటారు చాలామంది. మన విషయంలో అది కొంత నిజమే. కానీ 1970లో వచ్చిన రికార్డు మీద మీ అమ్మాయికి ఏం జ్ఞాపకాలుంటాయి చెప్పు? ఆ కాలం తెలీదు, ఆ ఊళ్ళు చూడలేదు. అంటే పట్టుకున్నదేదో ఆ పాటల్లోనే ఉండాలి. నాకు తోచింది ఇదీ: ఆ రికార్డుల్లో మనుషులు వినిపిస్తారు. వాళ్ళ వేళ్ళు, గొంతులు, వాళ్ళు వాయించిన గది గోడలతో సహా టేపు మీదకి ఎక్కేశాయి.

బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమి సంగతే తీసుకో. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కుర్రాడు, అక్కడి ఆస్టన్ పేటలో పెరిగాడు. పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని. ఒక బ్యాండుతో యూరప్ వెళ్ళే అవకాశం రావడంతో మానేస్తున్నాడు. అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్ళనంటే, పని పూర్తి చేసి రమ్మని అమ్మే పంపింది. రేకులు వంచే ప్రెస్ దగ్గర పనిచేసే మనిషి ఆ రోజు రాలేదని, అలవాటు లేని ఆ మిషను మీద ఇతన్ని పెట్టారు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కదా, గిటారు తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్ళతోనే.

ఇక గిటారు మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. అప్పుడు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడట. అది జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టుది. అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు పనిచేయకుండా పోయినా, మిగిలిన వాటితోనే జాజ్ ప్రపంచాన్ని ఊపేసినవాడు. అది విన్నాక అయోమి ఊరుకోలేదు. గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసాని కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. తీగ జారిపోకుండా వాటి మీద పాత తోలు జాకెట్ ముక్కలు అతికించాడు. గట్టి తీగలు నొక్కితే నొప్పి కాబట్టి సన్నవి వేశాడు. 1971లో మూడో ఆల్బమ్ నాటికి తీగలు బాగా వదులు చేసి శ్రుతి కిందికి దించేశాడు. ఆ దించడంలోంచే ఆ బరువు వచ్చింది. తర్వాత వచ్చిన హెవీ మెటల్ బ్యాండ్లు చాలా ఆ బరువు కోసం తమ తీగల్ని కూడా వదులు చేసుకున్నాయి. మీ అమ్మాయి గది తలుపు సందులోంచి నీకు వినబడే మోత అదేరా, ఫ్యాక్టరీలో తెగిన ఆ వేళ్ళది.

ఇక గది సంగతి. ఇంగ్లండులో హ్యాంప్‌షైర్ జిల్లాలో హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇల్లుంది, ఒకప్పుడు దిక్కులేని పేదల్ని ఉంచిన చోటు. బ్రిటిష్ రాక్ బ్యాండు లెడ్ జెప్లిన్ వాళ్ళు నాలుగో ఆల్బమ్ కోసం అక్కడ మకాం వేశారు. బయట వ్యానులో రికార్డింగ్ మిషన్లు, లోపల వీళ్ళు. వాళ్ళ డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్ములు కింద హాల్లో మెట్ల దగ్గర పెట్టి, ఇంజనీర్ ఆండీ జాన్స్ రెండే రెండు మైకులు పైఅంతస్తు మెట్ల మీంచి వేలాడదీశాడు. దెబ్బ కింద పడుతుంది, చప్పుడు గోడలకి తగులుతూ మెట్లెక్కి పైకొస్తుంది. 'వెన్ ద లెవీ బ్రేక్స్' (అంటే గట్టు తెగినప్పుడు) అనే పాట మొదలుపెట్టి మొదటి పది సెకన్లు విను చాలు. హిప్‌హాప్ కుర్రాళ్ళు ఆ డ్రమ్ముల్ని మళ్ళీ మళ్ళీ కోసి తమ పాటల్లో పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

ఇక్కడొక మాట చెప్పకుండా దాటలేను. ఆ పాట వీళ్ళ సొంతం కాదు. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహా వరద మీద, మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకోయ్ అనే నల్లజాతి దంపతులు 1929లో పాడి రికార్డు చేసింది. గోదావరి గట్టు పక్కన పెరిగిన మనకి ఆ పాటలోని భయం ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు. బ్రిటిష్ రాక్ మొత్తం అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ సంగీతానికి బాకీ పడి ఉంది, ఆ బాకీ అందరూ మర్యాదగా తీర్చలేదు. ఈ పాటకి మిన్నీ పేరైనా వేశారు. మీ అమ్మాయికి ఆ పాత రికార్డు కూడా వినిపించు. గిటార్లు, రెండు గొంతులు, అంతే. ఈ వృక్షం ఏ విత్తులోంచి వచ్చిందో తనకే తెలుస్తుంది.

బీటిల్స్ గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది. అయినా 1963 ఫిబ్రవరి 11 తలుచుకోకుండా ఉండలేను. పొద్దున్న మొదలుపెట్టి రాత్రి దాకా ఒక్క రోజులో మొదటి ఆల్బమ్‌కి పది పాటలు రికార్డు చేశారు. జాన్ లెనన్‌కి జలుబు, గొంతు పోయేలా ఉంది. అందుకని గొంతు చించుకోవాల్సిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ని చివరికి ఉంచారు. మొదటిసారి పాడిందే రికార్డు మీద ఉంది, రెండోసారికి గొంతు మిగల్లేదు. ఇప్పుడైతే ఆ బొంగురు మొత్తం కంప్యూటర్లో తుడిచేసేవాళ్ళు. రోలింగ్ స్టోన్స్ 'హాంకీ టాంక్ విమెన్' కూడా అంతే, మొదట్లో ఉన్న వేగం వేరు, చివరికొచ్చేసరికి వేరు. డ్రమ్మర్ చార్లీ వాట్స్ వాయిస్తూ వాయిస్తూ హుషారెక్కిపోయాడు, మిగతావాళ్ళూ అతనితో పాటే. మనకీ కాలు ఆగదు.

అదే యంత్రాలతో పనిచేసినా మనిషిని పోనివ్వనివాళ్ళూ ఉన్నారు. పింక్ ఫ్లాయిడ్ బ్యాండు ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', 1973 మార్చి. అందులో 'మనీ' పాట ముందొచ్చే చిల్లర గలగల ఉంది చూడు, ఆ బ్యాండు రోజర్ వాటర్స్ వాళ్ళావిడ మట్టిపనికి వాడే గిన్నెలో నాణేలు పోసి రికార్డు చేశాడు. ఆ చప్పుళ్ళున్న టేపు ముక్కల్ని కొలిచి కోసి, అతికించి, చుట్టలా తిప్పారు. లెక్కపెట్టి చూడు, ఏడేసి దెబ్బలు, మన మిశ్రచాపులాగే. మృదంగం నేర్చుకున్న నీ చేతికి వెంటనే అందుతుంది.

నాకు ప్రాణమైనది మాత్రం ఆ రికార్డు మొదటి వైపు చివర్లో వచ్చే ఆలాపన, 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. క్లేర్ టోరీ అనే సెషన్ గాయనిని ఆదివారం సాయంత్రం పిలిపించారు. ఇచ్చింది 30 పౌన్లు. బ్యాండులోని రిక్ రైట్ పియానో మీద ఏదైనా పాడమన్నారు, మాటలు మాత్రం వద్దన్నారు. చావు గురించిన పాట. తన గొంతే ఒక వాయిద్యం అనుకుని పాడింది. అరుపు, ఏడుపు, చివర్లో అలిసిపోయి మెత్తబడిన గొంతు, ఒక్క మాట లేదు. అది ఆల్బమ్‌లో పెట్టరనే అనుకుందట, షాపులో రికార్డు మీద తన పేరు చూసేదాకా. ఆ స్వరాలు కట్టింది తనేనని 2004లో కేసు వేసింది, మరుసటేడు రాజీ కుదిరి సంగీతకర్తగా కూడా ఆమె పేరు వేశారు. నా దృష్టిలో అది ఎప్పుడో జరగాల్సిన న్యాయం.

ఆ కాలంలో అంతా గొప్పేనని అనను. సాగదీసిన సోలోలు, కచేరీల్లో అరగంట డ్రమ్ములు నేనైతే దాటేస్తాను. కానీ ఒక చిన్న దేశంలో ఒకే తరం నుంచి ఇంతమంది రావడం వెనక కారణాలున్నాయి. 1960తో అక్కడ కుర్రాళ్ళని నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవడం ఆగిపోయింది. లెనన్ ఇంకో నాలుగేళ్ళు ముందు పుట్టి ఉంటే గిటారు బదులు తుపాకీ మోసేవాడు. పైగా బళ్ళో కుదురుగా చదవని పిల్లలకి ఆర్ట్ కాలేజీలు చోటిచ్చాయి. లెనన్, రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్, ద హూ బ్యాండు పీట్ టౌన్‌షెండ్ అందరూ అక్కడివాళ్ళే. తీరిక, తోచింది చేసి చూసే ధైర్యం, రెండూ ఒకే వయసులో దొరికాయి వాళ్ళకి.

2025 జూలై 5న సబ్బాత్ నలుగురూ ఆఖరిసారి విల్లా పార్క్‌లో వాయించారు. వాళ్ళు పెరిగిన ఆస్టన్‌లోనే ఉందా స్టేడియం. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చునే పాడాడు. అదే నెల 22న పోయాడు. ఆ వీడియోల్లో వేదిక ముందు కన్నీళ్ళతో పాడుతున్న వాళ్ళని చూడరా, మన వయసువాళ్ళ పక్కనే మీ అమ్మాయి ఈడు పిల్లలు. ఆ పిల్లల్ని చూసి నాకూ కళ్ళు చెమర్చాయి.

కాబట్టి తలుపు వేసుకుని వింటోందని చెల్లెమ్మని కంగారు పడొద్దని చెప్పు. ఆ పిల్లకి ఫోన్ స్పీకర్ మాన్పించి ఓ మంచి హెడ్‌ఫోన్స్ కొనిపెట్టు. ముందు ఆ మెట్ల కింద డ్రమ్ములు, తర్వాత పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ మొత్తం, మధ్యలో ఆపకుండా. పక్కన కూర్చుని నువ్వూ విను, మొహమాటం వద్దు. క్లేర్ టోరీ ఆలాపన దగ్గర ఏమనిపించిందో తననే రాయమను, జవాబు నేను తనకే రాస్తాను.

నీ
బావ