బేస్ ఆపని ఫోమ్ షీట్లపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ‘సౌండ్‌ప్రూఫ్, బేస్ కంట్రోల్’ అని అమ్మిన అంగుళం మందం ఫోమ్ షీట్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడం గురించి.

అయ్యా,

నెల్లూరు వేదాయపాళెంలో మా మేడమీది గదిలో భజన పాటలు, పెళ్లి పాటలు రికార్డు చేసి, మిక్స్ చేసి ఇస్తుంటాను. బయటి శబ్దం లోపలికి రాదని, బేస్ (గుమ్మనే లోతైన కింది శబ్దం) అదుపులో ఉంటుందని మీ ప్రకటనలో చదివి రూ. 7,200 పెట్టి 48 షీట్ల కాంబో కొన్నాను. సరుకు చెప్పిన రోజుకే వచ్చింది. నా గొడవ డెలివరీతో కాదు, ఆ రెండు మాటలతో.

స్టేషన్ దగ్గరే కాబట్టి గూడ్స్ బండి పోతే ఆ దడదడ మైకులో ఇదివరకు ఎంత పడేదో, షీట్లు అంటించాక కూడా అంతే పడుతోంది. బయటి శబ్దం ఆగాలంటే బరువైన గోడ, సందుల్లేని తలుపు ఉండాలి. గాలి ఆడే స్పాంజి వల్ల అది అయ్యే పని కాదు. గది లోపల ప్రతిధ్వని తగ్గించడం వేరు, ఇది వేరు. ఈ తేడా అమ్మేవాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

బేస్ సంగతి ఇంకా అన్యాయం. మా గది పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదేసి అడుగులు. బేస్‌కు ఇంతకంటే చెడ్డ గది ఉండదు. మూడు దిక్కులా ఒకే శ్రుతికి, సుమారు 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర, గది మోగుతుంది. కీబోర్డు కింది వరసలో ‘ఎ’ నోటు 55 హెర్ట్జ్. అది వాయిస్తే గోడ పక్కన ఒకటే హోరు, గది నడుమ నా కుర్చీలో మాత్రం దాదాపు వినపడదు. వినపడటం లేదు కదా అని బేస్ పెంచి ఇచ్చిన పాటకు పార్టీ వాళ్ల కారు అద్దాలు అదురుతున్నాయి. ఆ ధ్వని తరంగం నిడివి 20 అడుగులు. దానికి అంగుళం ఫోమ్ ఉన్నా లేనట్టే. ఫోమ్ పీల్చేది సన్నని పై స్థాయి శబ్దాలనే. అందుకే భజన తాళాలు దుప్పటి కప్పి కొట్టినట్టున్నాయి.

ఫోన్ చేస్తే మీ టెక్నికల్ ఆయన ‘మా ఎన్‌ఆర్‌సీ 0.8 సార్’ అన్నారు. ఎన్‌ఆర్‌సీ అంటే సరుకు శబ్దాన్ని ఎంత పీలుస్తుందో చెప్పే అంకె. ఆ అంకె 250, 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర కొలిచిన వాటి సగటు. అది నిజమే అనుకున్నా, 56 హెర్ట్జ్ దగ్గర ఏం జరుగుతుందో అది చెప్పదు. పైగా ఇంకో కాంబో కొనమని సలహా! ఇంకో 48 అంటిస్తే తాళాలు ఇంకా మూగబోతాయి, హోరు మాత్రం అలాగే ఉంటుంది. నాకు కావలసింది మూలల్లో ఆరంగుళాల మందానికి తగ్గని రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దట్టమైన పలక). అది మీ దగ్గర లేనే లేదు.

రూ. 7,200 పూర్తిగా వాపసు చేయండి. షీట్లు మీరే మనిషిని పంపి తీసుకెళ్లండి. జిగురుకు గోడ పెచ్చులూడింది, ఆ ఖర్చు అడగడం లేదు. ప్రకటనలో ఆ రెండు మాటలు తీసేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నెల్లూరులోనే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్నవాడు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చని ఆ చట్టంలో ఉంది.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
వేదాయపాళెం, నెల్లూరు.

జత: బిల్లు కాపీ, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, షీట్లకు ముందూ తర్వాతా చేసిన రికార్డింగులు.