స్టీరింగ్ చప్పుళ్లు: ముందు పరీక్ష, తర్వాతే మరమ్మతు

మా షెడ్డుకు ఎస్‌యూవీలు తెచ్చే కస్టమర్లందరికీ నమస్కారం.

స్టీరింగ్ చప్పుళ్ల విషయంలో ఈ నెల నుంచి మా పద్ధతి మారుతోంది. పరీక్షకు విడిగా రుసుము తీసుకుంటాం. పరీక్ష పూర్తికాకుండా స్టీరింగ్ ర్యాక్ (మీరు స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను పక్కకు తిప్పే భాగం) మార్చం, ఫోనులో ఖర్చు ఇంతని చెప్పం. ఇది కొందరికి నచ్చదని తెలుసు. అయినా కారణం విన్నాకే నిర్ణయించుకోండి.

స్టీరింగ్ తిప్పితే చప్పుడు వస్తోందంటే ర్యాక్ పోయిందనే మాట ముందుగా వినిపిస్తుంది. ఈ వ్యవస్థలో బాగా ఖరీదైన భాగాల్లో ర్యాక్ ఒకటి. అది మార్చాక కూడా అదే చప్పుడు వస్తే ఆ డబ్బు ఎవరిస్తారు? స్టీరింగ్ తిప్పినప్పుడు ర్యాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లు, చక్రం అటూ ఇటూ తిరిగేలా పట్టి ఉంచే బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్ ఉండే ముందు స్ట్రట్లు, స్ప్రింగులు, యాక్సిల్ చివర ఉండి చక్రం పక్కకు తిరిగినా ఇంజిన్ బలం అందించే సీవీ జాయింట్లు అన్నీ కదులుతాయి. చప్పుడు వీటిలో దేని నుంచైనా రావచ్చు. ఇనుము గుండా పాకి మరోచోట వినిపించవచ్చు కూడా. అందుకే చెవిని మాత్రమే నమ్మి భాగాలు మార్చడం నాకు ఇష్టం లేదు.

ఉదాహరణకు, నిలబడి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పితే ముందువైపు కిర్రుమనో, స్ప్రింగును మీటినట్టు టంగుమనో వస్తుందనుకోండి. మేం మొదట అనుమానించేది స్ట్రట్ పైనుండే బేరింగును. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్లున్న బండ్లలో చక్రంతో పాటు స్ట్రట్టు, స్ప్రింగు కూడా తిరుగుతాయి. ఆ తిరుగుడు సాఫీగా ఉండేలా చూసేది ఈ బేరింగే. నీరు, మట్టి చేరి అది పట్టేస్తే స్ప్రింగు కాస్త మెలిపడి, ఒక్కసారిగా జారుతుంది. మీకు వినిపించేది ఆ జారుడే. ఒకరు స్టీరింగును నెమ్మదిగా తిప్పుతుంటే, మరొకరు వేళ్లు చుట్ల మధ్యకు పోకుండా స్ప్రింగు బయటివైపు చేయి ఆనిస్తారు. సాఫీగా తిరిగితే అనుమానం తీరినట్టే. చేతికి కుదుపు తగిలితే స్ట్రట్ విప్పి, స్ప్రింగును కంప్రెసర్‌తో అదిమి, బేరింగ్ మారుస్తాం. అదిమిన స్ప్రింగు జారితే ప్రాణాపాయం కనుక దీన్ని ఇంట్లో ప్రయత్నించవద్దు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ కూడా చూస్తాం.

బండి కదులుతూ మలుపు తిరిగేటప్పుడు టకటకమంటే సీవీ జాయింట్ మీదికి దృష్టి పోతుంది. దాని రబ్బరు తొడుగు (బూటు) చిరిగితే గ్రీజు బయటికి చిమ్మి, మట్టి లోపలికి చేరుతుంది. చప్పుడు మొదలుకాక ముందే పట్టుకుంటే చాలాసార్లు కొత్త బూటు, గ్రీజుతో సరిపోతుంది. టకటక మొదలైతే జాయింట్ అరిగినట్టే.

పవర్ స్టీరింగ్ ఆయిల్ ఉన్న బండి మూలుగుతుంటే ఆయిల్ తగ్గిందా, అందులో నురుగుందా చూస్తాం. నురుగంటే లోపలికి గాలి చేరిందని అర్థం. ఆయిల్ తగ్గితే పోసి పంపేయడం కుదరదు, అది ఎక్కడ కారుతోందో కనిపెట్టాలి. ఏ రకం వాడాలో బండి పుస్తకంలో ఉంటుంది. వేరేది పోస్తే సీళ్లు దెబ్బతినవచ్చు. మీరు కూడా స్టీరింగును చివరిదాకా తిప్పి అలాగే పట్టి ఉంచకండి. పంపు మీద ఒత్తిడి, వేడి అప్పుడే ఎక్కువ. పూర్తిగా ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న బండ్లలో ఈ ఆయిలే ఉండదు. అక్కడ స్టీరింగ్ చక్రం కింది కడ్డీ (కాలమ్) జాయింట్లు, మోటారు, కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చూస్తాం. స్టీరింగ్ చక్రంలోనే గరగరమంటూ, హారన్ పనిచేయకపోయినా, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగినా క్లాక్ స్ప్రింగ్ (హారన్‌కు, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్టిన తీగ) పాడై ఉండవచ్చు. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దయచేసి మీరు విప్పవద్దు.

జాయింట్ల మీద ఆయిల్ స్ప్రే కొట్టి చప్పుడు ఆపడం మా దగ్గర జరగదు. కొన్నాళ్లు నిశ్శబ్దంగా ఉంటుంది, అరుగుదల మాత్రం సాగుతూనే ఉంటుంది. బండి యజమాని బాగైందనుకుని కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్తాడు. ఆ భారం నేను మోయలేను.

మీ నుంచి కావలసింది వివరాలు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? నిలబడి ఉన్నప్పుడా, కదిలేటప్పుడా? కుడికా, ఎడమకా? ఈ మధ్య పెద్ద టైర్లు వేయించారా? అలాంటి టైర్లు చివరిదాకా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కు ఒరుసుకుంటాయి. చప్పుడును ఫోనులో రికార్డు చేసి తెస్తే ఇంకా మంచిది. పొద్దున మాత్రమే వచ్చే చప్పుడైతే బండిని రాత్రి మా దగ్గరే వదలాలి.

పరీక్షలో ఏం తేలిందో రాసి ఇస్తాం. మరమ్మతు మరోచోట చేయించుకున్నా ఆ కాగితం మీదే. కానీ రుసుము వాపసు ఇవ్వం, ఎందుకంటే అప్పటికే మా పని జరిగి ఉంటుంది.

ఒక విషయంలో మాత్రం వాయిదా వద్దు. గతుకుల్లో ఠకఠకమంటూ, స్టీరింగ్ వదులుగా అనిపించినా, బండి ఒక పక్కకు లాగినా టై రాడ్ ఎండ్ గానీ బాల్ జాయింట్ గానీ అరిగి ఉండవచ్చు. అది ఊడితే చక్రం మీ అదుపులో ఉండదు. బండిని నడిపి తేకండి, లాగించి తీసుకురండి. అలాంటి బండ్లను వరుసతో సంబంధం లేకుండా ముందు చూస్తాం.