బిజినెస్ ఇంగ్లీషు పాఠం అంగడి నుంచి మొదలవ్వాలి

సంపాదకులకు,

డిగ్రీ కళాశాలల్లో బిజినెస్ ఇంగ్లీషు చాలాచోట్ల ఇంకా సెలవు చీటీ, ఉద్యోగ దరఖాస్తు దగ్గరే తిరుగుతోంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమమైనా ఈ పాఠం తీరు మారలేదు. కడప వై.వి. స్ట్రీట్‌లోనో, బెంగళూరు మాల్‌లోనో పనికి కుదిరే పిల్లలకు ఆ చీటీలతో పనేముంది? చిల్లర వ్యాపారాన్నే ఒక సెమిస్టరంతా పాఠ్యవస్తువుగా పెట్టుకోవాలని తోటి అధ్యాపకులకు మా సూచన.

మొదలు అంకెలతోనే పెట్టాలి. ఫిఫ్టీన్‌లో చివరి భాగాన్ని సాగదీసి, ఫిఫ్టీలో మొదటి భాగాన్ని ఒత్తి పలికించాలి. అనుమానమొస్తే ‘వన్ ఫైవ్’ అని విడదీసి చెప్పించాలి. తర్వాత తగ్గింపులు. వెయ్యి రూపాయల చీర మీద 20 శాతం, ఆపైన మరో 10 శాతం అంటే 30 శాతం కాదు. 800 అయి, అందులో 80 పోయి 720కి వస్తుంది, అంటే తగ్గింది 28 శాతమే. కొనేవాళ్లకు ఇది రెండు ఇంగ్లీషు వాక్యాల్లో అర్థమయ్యేలా చెప్పగలగాలి. 80కి కొని 100కి అమ్మితే మార్జిన్ (అమ్మిన ధర మీద లాభం) 20 శాతం, మార్కప్ (కొన్న ధర మీద లాభం) 25 శాతం. ఇక్కడ పిల్లలకంటే ఇంగ్లీషు అధ్యాపకులే ఎక్కువ తడబడతారు. ఆ ఒక్క గంట కామర్స్ వాళ్లను పిలుచుకుంటే నామోషీ ఏమీ లేదు.

సంభాషణ మొత్తం రాసిచ్చి బట్టీ పట్టించడం వల్లే రోల్ ప్లేలు చప్పగా తేలిపోతున్నాయి. ఎదుటివాడు ఏమంటాడో ముందే తెలిస్తే ఎవరూ వినరు. దానికి బదులు ఇద్దరికీ వేరువేరు చీటీలివ్వాలి. కొన్నవాడి చీటీలో: చొక్కా ఒకసారి ఉతికాడు, రంగు పోయింది, బిల్లు లేదు, డబ్బు వాపసు కావాలి. అమ్మేవాడి చీటీలో: ఏడు రోజుల్లో మార్పిడి, బిల్లు తప్పనిసరి, రంగు పోతే సూపర్‌వైజర్ ఒప్పుకోవచ్చు. ఒకరి చీటీ ఒకరు చూడకూడదు. అప్పుడే ప్రశ్నలు అడగక తప్పదు. ఇంకో చిక్కు: తెలుగులో ‘కుదరదండీ’ అంటే ఆ ‘అండీ’ మర్యాదను మోస్తుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి పిల్లలు ‘నాట్ పాజిబుల్ సార్’ అనేసి ఊరుకుంటారు. ముందు ఇబ్బందిని గుర్తించి, తర్వాత నియమం చెప్పి, చివర చేయగలిగింది చెప్పే వరుసను అలవాటు చేయించాలి.

ప్రొద్దుటూరు వైపు కళాశాలలకు బంగారం బిల్లే మంచి పాఠం. బరువు, 22 క్యారెట్ల ధర, తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య అన్నీ అందులోనే ఉంటాయి. తరుగును ‘వేస్టేజ్’ అని ఊరుకుంటే, వృథా అయినదానికి నేనెందుకు డబ్బివ్వాలని బయటి రాష్ట్రం వాళ్లు అడుగుతారు. దానికి జవాబు నాలుగు వాక్యాల్లో చెప్పించాలి. వ్యాకరణం అక్కడే పట్టుబడుతుంది.

రాతకు సరుకు తేడాల మెయిల్ చాలు. 50 పెట్టెలు ఆర్డరిస్తే 46 వచ్చాయి, వాటిలో రెండు పగిలాయి. ఆర్డరు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, తక్కువ వచ్చినవి ఎన్ని, పాడైనవి ఎన్ని, ఏం కావాలి, ఎప్పటిలోగా: ఇవన్నీ ఎనిమిది వరుసల్లో ఇమడాలి. రెండు లెక్కల్నీ కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు. తక్కువ వచ్చినవాటికి క్రెడిట్ నోటో (బిల్లులో ఆ మేరకు తగ్గించినట్టు ఇచ్చే పత్రం), మళ్లీ సరుకో అడగాలి. పాడైనవాటికి ఫొటోలు కావాలి, దించుకునేటప్పుడే లారీ రసీదు మీద ఆ మాట రాయాలి. అది రాయకుండా సంతకం పెట్టేస్తే, తర్వాత ఎంత మంచి ఇంగ్లీషు రాసినా సరఫరాదారు ఒప్పుకోవడం కష్టం.

పరీక్ష మారకపోతే ఇవేవీ నిలవవు. ఈ పేపర్లో సగం మార్కులు మాట్లాడటానికి, అదీ పైన చెప్పిన చీటీల పద్ధతిలో కేటాయించాలని విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళిక మండలిని కోరుతున్నాం.

– కొందరు ఆంగ్ల అధ్యాపకులు, కడప